టోపీ చుట్టూ కిరీటం

జనవరి 17, శనివారం

రాఘవ్ నా దగ్గర ఏదో దాస్తున్నాడు. ఇది అనుమానం కాదు, కళ్ళారా చూసిన సంగతి.

పొద్దున రిక్కార్టన్‌లో కూరగాయలు కొని, దారే కదా అని వాడి సైన్‌బోర్డుల షాపులోకి వెళ్ళాను. కంప్యూటర్ మీద ఒక బొమ్మ. కింద డాలు, దాని మీద కోసుగా లేచిన టోపీ, టోపీ చుట్టూ కిరీటం లాంటిదేదో, వెనకాల రెండు పొడుగాటి వస్తువులు ఇంటూ మార్కులాగా. నన్ను చూడగానే టక్కున మూసేశాడు.

"ఏందన్నా, ఫోన్ గూడ చెయ్యకుంట వచ్చినవ్?" అన్నాడు.

ఎప్పుడు ఫోన్ చేసి వెళ్ళాను గనక? ఆ బొమ్మేమిట్రా అని అడిగాను.

"ఉత్తదే అన్నా. మనం ఉగాది చేసుకునే హాల్ లేదా, ఆ గోడ మీద చెక్క డాలు ఉంటది చూడు. రంగులు పోయినయి, మల్ల వెయ్యమన్నరు చర్చోళ్ళు. దాని ఫోటో."

ఈ కివీల ఊళ్ళో పదకొండేళ్ళుగా మా తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి. ఆ హాల్లో ఉగాది పూజ చేసేదీ నేనే, పంచాంగం చదివేదీ నేనే. నాకు తెలియని డాలు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఉంది. ప్రతిసారీ దాని మీద సరస్వతీదేవి ఫ్లెక్సీ కట్టేస్తాం. నిచ్చెన ఎక్కేది నేను, కింద పట్టుకునేది రాఘవ్.

సరే, ఫోటోయే అనుకుందాం. ఫోటో అయితే మూసెయ్యడం దేనికి?

జనవరి 18

ఫోటో కాదు. నిన్న కిరీటం అనుకున్నవి మామిడాకులని ఇప్పుడు తట్టింది; చర్చి డాలు మీద టోపీ చుట్టూ మామిడాకులు ఉండవు.

జనవరి 24

కమిటీ మీటింగు. సంఘం పెట్టి పాతికేళ్ళవుతోంది గనక ఒక ఎంబ్లమ్ కావాలని డిసెంబరులో అనుకున్నాం, పని రాఘవ్‌కి అప్పగించాం. ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"ఉగాది నాడే చూపిస్తన్నా. సర్‌ప్రైజ్."

"అధ్యక్షుడికి కూడానా?"

రాఘవ్ ఆశాజ్యోతి వైపు చూశాడు. ఆవిడ మా కార్యదర్శి, వైజాగ్ మనిషి, మాట మెత్తన. "పట్టాభి గారూ, కొంచెం ఓపిక పట్టండి. మీకే నచ్చుతుంది," అంది. ఆ 'మీకే' అన్న మాట ఎందుకు నొక్కినట్టు?

కారులో మా ఆవిడ అనంతలక్ష్మికి చెప్పాను. "మీకు ప్రతిదీ నొక్కినట్టే వినపడుతుందండీ," అంది. ఈమె కూడా అటేనా ఏమిటి.

జనవరి 27

మా అమ్మాయి మనస్విని యూనివర్సిటీలో హిస్టరీ చదువుతోంది. ఆ చదువు ఇన్నాళ్ళకి ఉపయోగపడింది. నా ఫోనులో పాత ఉగాది ఫోటోలు తిరగేస్తే, ఒకదాంట్లో ఫ్లెక్సీ కట్టకముందు తీసినట్టుంది, గోడ మీద ఆ డాలు కనపడింది. చూపించి ఇదేమిటో చెప్పమన్నాను.

"ఓహ్, దిస్ ఈజ్ డర్హమ్! బ్లూ షీల్డ్, గోల్డ్ క్రాస్, ఫోర్ లయన్స్. నార్త్ ఇంగ్లండ్, నాన్నా. హాల్ కట్టినవాళ్ళు ఎవరో అక్కడి నుంచి వచ్చి ఉంటారు."

"పైన టోపీ చుట్టూ కిరీటం ఎందుకు?"

"మామూలు బిషప్‌కి ఓన్లీ టోపీ. బట్ డర్హమ్ బిషప్ వాజ్ ఎ ప్రిన్స్-బిషప్. మిడీవల్ టైమ్స్‌లో పూజారీ ఆయనే, రాజూ ఆయనే. సొంత ఆర్మీ, సొంత కోర్టులు, సొంత నాణేలు. సో టోపీకి కిరీటం. వెనక చూడు, కర్ర బిషప్‌ది, కత్తి ప్రిన్స్‌ది. రెండూ ఒక్కడికే." అని ఆగి, ఫక్కున నవ్వింది. "లైక్ యూ, నాన్నా! పూజ నువ్వే, ప్రెసిడెంట్ నువ్వే."

నేను నవ్వలేదు. తర్వాత ఏమయ్యాడా బిషప్పు అని అడిగాను.

"1836లో పవర్స్ తీసేసి రాజుకిచ్చేశారు. నౌ హీ ఈజ్ జస్ట్ ఎ బిషప్."

"మరి కత్తి?"

"అది ఇంకా ఎంబ్లమ్‌లో ఉందిగా. ఎవరూ తియ్యలేదు."

తర్వాత అన్నం సరిగ్గా తినలేదు. పవర్స్ తీసేశారు. అదీ సంగతి. రాఘవ్ చేతికి ఈ బొమ్మే ఎందుకు దొరకాలి?

ఫిబ్రవరి 1

తీసేశారు. అదే పాయింటు.

ఫిబ్రవరి 8, ఆదివారం

మైకు చూసుకోవాలని వంక పెట్టి హాలుకి వెళ్ళాను. రాఘవ్ రంగులు వేసేశాడు. పని మాత్రం బాగా చేశాడు, కాదనలేను. నాలుగు సింహాలూ వెండిలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళు ఆ కత్తి కింద నిలబడే మంత్రాలు చదివానన్నమాట, తల ఎత్తి చూసింది లేదు.

తిరిగి వస్తుంటే పక్క వీధిలో బౌలింగ్ క్లబ్బు బోర్డు మీద అదే కనపడింది. కిరీటంలోంచి లేచిన టోపీ. కారు ఆపి, గేటు దగ్గర గడ్డి కోస్తున్న పెద్దాయన్ని అదేమిటని అడిగాను.

"నో ఐడియా, మేట్. జెల్లీ అనుకుంటా," అన్నాడు ఆ కివీ ముసలాయన.

ఒకప్పుడు సైన్యాలు నడిపినవాడి కిరీటం ఇప్పుడు జెల్లీ అయింది. ఇల్లు చేరేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను, నవ్వొచ్చినందుకు. నవ్వే సమయం కాదిది.

ఫిబ్రవరి 14

దొరికింది.

రాఘవ్ షాపుకి వెళ్తే వాడు లోపల ఎవరికో ఫ్లెక్సీ కొలతలు చెబుతున్నాడు. ప్రింటరు పక్కన పనికిరాని స్టిక్కర్లు పడేసే అట్టపెట్టె ఉంటుంది. పైనే ఉంది ఆ బొమ్మ స్టిక్కరు, అరచేయంత. జేబులో పెట్టుకుని, మళ్ళీ వస్తాలేరా అని కేకేసి వచ్చేశాను.

ఇప్పుడు నా ముందుంది. డాలు మీద పూర్ణకుంభం. దాని మీద కొబ్బరికాయ నిలువుగా, అచ్చం బిషప్ టోపీలాగా. టోపీ చుట్టూ కిరీటం ఉండేచోట మామిడాకులు. కత్తీ కర్రా ఉండేచోట, ఒక మైకు, ఒక ఉద్ధరిణి. ఇంటూ మార్కులాగా.

మైకు ఎవరిది? ఉద్ధరిణి ఎవరిది? ఈ ఊళ్ళో తీర్థం ఇచ్చే ఉద్ధరిణి నా సంచీలో తప్ప ఎవరి దగ్గరుంది? ఇది ఎంబ్లమ్ కాదు, నా మీద కార్టూను. రెండూ పట్టుకుని ఎలా కూర్చున్నాడో చూడండర్రా అని ఊరందరికీ చెప్పడం. నా ఉగాదికి, నా వెనకాల గోడ మీద, నాకే టోపీ పెడతాడట!

అనంతలక్ష్మికి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఎంత బాగుందండీ! ఉద్ధరిణి కాడ చివర పాము పడగ కూడా వేశాడు, మీదానికి ఉన్నట్టే," అంది.

ఆడవాళ్ళకి రాజకీయం అర్థం కాదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

సాయి తేజ ఫోన్ చేశాడు. కుర్రవాడు, కమిటీలో కొత్త, ఏదీ కడుపులో దాచుకోలేడు. "అంకుల్, మీకు తెలిసే ఉంటుంది కదా, ఉగాది రోజు జనరల్ బాడీలో తీర్మానం పెడుతున్నారు. ఇక నుంచి ప్రెసిడెంటు వేరు, పూజ చేసేవారు వేరు అని. పూజ మీకే అంకుల్, అది ఎవరూ..."

తెలుసులే అన్నాను. తెలియదు.

అదీ కథ! బొమ్మ ముందు, తీర్మానం వెనక. ప్రెసిడెంటు ఆశాజ్యోతి, బొమ్మ రాఘవ్. పదకొండేళ్ళు. అధ్యక్షుణ్ణి కాకముందే, ఈ ఊళ్ళో భూకంపం వచ్చి అందరూ తలో దిక్కూ పోతే ఇంటింటికీ తిరిగి పోగుచేసింది ఎవరు? కోవిడ్‌లో బోర్డర్లు మూసేసినప్పుడు రాఘవ్ భార్య కృప వాళ్ళమ్మ ఖమ్మంలో పోతే, వీడియోలో అంత్యక్రియలు చూస్తూ వాళ్ళ ఇంట్లో నిలబడి క్రైస్తవుల ప్రార్థన చదివింది ఎవరు? కృప గొంతు పెగలక నన్ను చదవమంటే, సంఘానికి పెద్దవాణ్ణి కదా అని నేను చదవలేదూ? అలాంటి నాకా ఇది?

వినీత్‌కి ఫోన్ చేశాను. ఊళ్ళో సగంమంది అతని మాట వింటారు. ఎక్కువ మాట్లాడలేదు. "ఎంబ్లమ్ చూశాను వినీత్. అది కలశం కాదు, చర్చి టోపీ. హాలు గోడ మీద ఉన్న బిషప్ టోపీకి మామిడాకులు చుట్టారు. అది ఎవరింట్లోంచి వచ్చిందో నేను చెప్పను, మీకే తెలుసు," అన్నాను. అంతే.

ఫిబ్రవరి 16

నేను అబద్ధం ఏమన్నాను? గోడ మీద ఉన్నది బిషప్ టోపీయే. రాఘవ్ దాన్ని చూసే గీశాడు. కృప చర్చికి వెళ్తుంది, అది అందరికీ తెలిసిందే. మూడూ నిజాలే. మూడు నిజాలు కలిపితే జనం ఇంకేదో అనుకుంటే అది నా తప్పెలా అవుతుంది?

వాట్సాప్‌లో మధ్యాహ్నానికే మొదలైంది. "మన సంఘంలోకి ఎవరి గుర్తులు తెస్తున్నారు?" అని ఒకడు. "పులిహోర దగ్గర్నుంచీ ఆలోచించాల్సిందే," అని ఇంకొకడు. ఆ పులిహోర మాట నాకూ బాగా అనిపించలేదు. ప్రతి ఉగాదికీ కృపే చేస్తుంది. అధ్యక్షుడిగా ఖండించాల్సింది. టైపు చేశాను కూడా. పంపేలోగా ఆఫీసులో సర్వరు పడిపోయింది, దాంట్లో పడ్డాను.

సాయంత్రం చూస్తే 'రాఘవ్ గ్రూప్ నుంచి వైదొలిగారు' అని ఉంది.

ఫిబ్రవరి 17

అనంతలక్ష్మి మాట్లాడటం లేదు. కాఫీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను కదిలిస్తే అప్పుడంది: "ఆ పిల్ల మొహం ఎలా చూడనండీ నేను? నోరు ఎంత తేలిగ్గా జారిందో చూసుకున్నారా?"

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు," అన్నాను.

"అదే అసహ్యంగా ఉంది," అంది.

ఫిబ్రవరి 22

రాఘవ్ ఫోన్ ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో.

మార్చి 1, ఆదివారం

కమిటీ. రాఘవ్ కుర్చీ ఖాళీ.

ఆశాజ్యోతి లేచి, తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాం, ఎంబ్లమ్ ఆలోచన కూడా మానేస్తున్నాం అని చెప్పింది. నేను గెలిచాను. బయటికొచ్చాక ఆశాజ్యోతి కారు దగ్గరికి వచ్చింది.

"పట్టాభి గారూ, మీకు తెలియాలి గనక చెబుతున్నాను. తీర్మానం నాది. రాఘవ్‌ది కాదు. ఒప్పుకోనిది అతనొక్కడే. నెల రోజులు బతిమాలాను. మీరు అలిసిపోతున్నారు, జనం కూడా సణుగుతున్నారు, ఎవరో అడ్డంగా అనకముందే మనమే మర్యాదగా చేద్దాం అని."

"మరి బొమ్మ?"

"అతను పెట్టిన షరతు అది. 'డర్హమ్‌ల పవర్ తీసిన్రు గని బొమ్మల కత్తి ముట్టుకోలే. మనం గూడ గట్లనే చేద్దాం మేడం. అన్న కుర్చీల లేకున్నా, ఈ సంఘం ఉన్నన్ని రోజులు ఎంబ్లమ్‌ల ఆయన మైకు ఉండాలె, ఆయన ఉద్ధరిణి ఉండాలె,' అన్నాడు. దాన్నే మీకు ఉగాది నాడు చూపిద్దామనుకున్నాం."

అలా అంటుంది. ఇప్పుడు ఏమైనా అనొచ్చు. అంత మంచి ఉద్దేశమే అయితే ముందే నాతో చెప్పకూడదా?

అయినా రాఘవ్ మాట ఆవిడ నోట్లోంచి వస్తే, అచ్చం వాడే మాట్లాడినట్టుంది. కల్పిస్తే అలా రాదు.

మార్చి 2

కల్పించి ఉండొచ్చు.

మార్చి 9

స్టిక్కరు డ్రాయరులో పెట్టాను. పంచాంగం తీయబోతే అదే చేతికొస్తోంది.

మార్చి 21, శనివారం

అసలు ఉగాది గురువారమే అయినా హాలు దొరికేది శనివారమే గనక ఈ రోజు చేశాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున ఫ్లెక్సీ కట్టడానికి ముందే వెళ్ళాను. వినీత్ నిచ్చెన పట్టుకున్నాడు, ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ. నిచ్చెన ఊగుతుంటే ఆ డాలునే పట్టుకోవాల్సొచ్చింది. ముక్కుకి ఎదురుగా కత్తి. వంకీ తిరిగిన కర్ర చివర రాఘవ్ బంగారు రంగు ఎంత శ్రద్ధగా వేశాడంటే, అక్కడ ఇంకో రంగు ఒక్క చుక్క కూడా అంటలేదు. దాని మీద పోయినేటి ఫ్లెక్సీయే కట్టేశాను. ఈ ఏడు కొత్తది అచ్చు వెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

కిందికి దిగితే వంటగది వైపు తలుపు చప్పుడైంది. కృప. పెద్ద స్టీలు డబ్బా బల్ల మీద దించుతోంది.

"పులిహోర అన్నయ్యా. జనవరిలోనే మాట ఇచ్చాను కదా, తేకపోతే బాగుండదని. తినేవాళ్ళు తింటారు."

ఉండమ్మా, కూర్చో, రాఘవ్ ఏడీ అని ఏదేదో అన్నాను.

"ఆయన కారులో ఉన్నారు. రారు." వెళ్ళబోయి ఆగింది. "ఉద్ధరిణి వెయ్యమన్నది నేనే అన్నయ్యా. ఆయన కర్ర స్థానంలో కలం వేస్తానంటే, కాదు, ఉద్ధరిణే ఉండాలన్నాను."

ఎందుకమ్మా అని అడిగాను.

"అమ్మ పోయిన రోజు మీరు మా ప్రార్థన చదివారు. అయిపోయాక ఏం చెయ్యాలో మీకు తెలియలేదు. అలవాటుకొద్దీ సంచీలోంచి ఉద్ధరిణి తీసి, నా చెయ్యి పట్టమని, నీళ్ళు పోశారు. గుర్తుందా? నేను తాగేశాను. అంత ఏడుపులో నవ్వొచ్చింది. నవ్వాక మళ్ళీ ఏడుపొచ్చింది, అప్పుడే సరిగ్గా ఏడ్చాను. మా చర్చిలో ఎవరికీ చెప్పలేదు. ఆయనొక్కరికే చెప్పాను."

గుర్తులేదు. దేవుడి తోడు, నాకు గుర్తే లేదు. ప్రార్థన చదివానని ఇన్నేళ్ళుగా పదిమందికి చెప్పుకున్నాను, నీళ్ళు పోసిన సంగతి మాత్రం గుర్తులేదు.

తల్లీ, తప్పయిపోయింది అనాలి. నోటిదాకా వచ్చింది. అప్పుడే సాయి తేజ వచ్చి "అంకుల్, కలశం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. కృప వెళ్ళిపోయింది.

పూజ చేశాను. పంచాంగం చదివాను. కొత్త సంవత్సరం పేరు పరాభవ అని చదవగానే హాల్లో కొందరు నవ్వారు. ఏటా ఇలాంటి చోట రాఘవ్ ముందు వరసలోంచి ఏదో ఒకటి అనేవాడు, అందరూ ఇంకా నవ్వేవారు. నా రాశికి అవమానం ఎక్కువ, రాజపూజ్యం తక్కువ పడ్డాయి. ఉన్నదున్నట్టే చదివాను.

జనరల్ బాడీలో నన్నే మళ్ళీ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఎవరూ పోటీ లేరు. చప్పట్లు కొట్టారు. మైకూ నా చేతిలోనే ఉంది, ఉద్ధరిణీ నా చేతిలోనే ఉంది. తీర్థం ఇస్తుంటే జనం చేతులు పట్టారు, నేను మొహాలు చూడలేకపోయాను.

పులిహోర సగానికి పైగా మిగిలిపోయింది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. కడుపు నిండి కాదు, ఇంకెందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ అన్నాను పక్కవాళ్ళతో.

మార్చి 22

డబ్బా మా ఇంట్లోనే ఉంది. ఇచ్చిరావాలి.

మార్చి 24

డబ్బా ఇవ్వాలి. అనంతలక్ష్మిని ఇచ్చిరమ్మన్నాను. "మీరే ఇవ్వండి," అంది.

మార్చి 26

ఖాళీ డబ్బా ఇవ్వకూడదని అనంతలక్ష్మి దాన్నిండా అరిసెలు వండి పెట్టింది. అరిసెలు పాడైపోతాయి. వెళ్ళాలి.

మార్చి 28, శనివారం

వెళ్ళాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. 'రాఘవ్, నేను నీచంగా ప్రవర్తించాను. కృపని అనకూడని మాట అన్నాను. ఆ బొమ్మ పెడదాం, కుర్చీ వదిలేస్తాను.' ఈ మూడూ చాలు అనుకున్నాను. స్టిక్కరు కూడా జేబులో పెట్టుకున్నాను, గుర్తుగా ఇద్దామని.

రాఘవ్ ఏదో డెయిరీ షాపు బోర్డుకి అక్షరాలు అతికిస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నమస్తే సార్. అక్కడ బల్ల మీద పెట్టండి."

డబ్బా పెట్టాను. "రాఘవ్..." అన్నాను.

"చెప్పండి పట్టాభిరామయ్య గారూ. ఏమన్నా బోర్డు కావాలా మీకు?"

జేబులోంచి స్టిక్కరు తీసి, "ఈ ఎంబ్లమ్... చేయించాలనుకుంటున్నాం," అన్నాను. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. అధ్యక్షుడి గొంతొకటి వచ్చింది.

చేతిలోకి తీసుకుని చూశాడు. ఉద్ధరిణి మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దాడు. మళ్ళీ నా ముందుకే జరిపాడు. "ఇది నేను చేసే పని కాదు సార్. వేరే షాపులున్నాయి," అని బోర్డు వైపు తిరిగాడు.

కారులో కూర్చున్నాక సర్దిచెప్పుకున్నాను. షాపులో కస్టమర్లున్నారు కదా, వాళ్ళ ముందు నువ్వు, అన్నా అంటే బాగుండదని సార్ అని ఉంటాడు. పనివేళ అలాగే పిలవాలి మరి.

షాపులో ఇంకెవరూ లేరు.